నాన్నకు నమ్మకమైన పత్రిక

అమ్మా,

నేను చందా కట్టి తెప్పించిన పత్రికలో ప్రార్థనతోనే రోగం తగ్గిందని ఎవరో చెప్పిన స్వస్థత సాక్ష్యం చదివి నువ్వు బీపీ గోలీలు ఆపేసినవు. నెల తిరగకుండనే పోయినవు. నేటికి ఏడాది. అప్పటినుంచి ఇంట్లకు ఏ పత్రికా రానియ్యలేదు.

మొన్న నాన్న అడిగిండు: "మీ అమ్మ చదివి వినిపించేది. నాకేమో కండ్లు ఆనవు. మళ్లా ఒకటి తెప్పియ్యి బిడ్డా."

నారాయణగూడల చర్చి పుస్తకాల దుకాణానికి పోయి, అక్కడున్న కన్యాస్త్రీని, "ఏది నమ్మాలె సిస్టర్?" అని అడిగిన.

ఆమె ఒక కథోలిక మాసపత్రిక తెరిచి, పోయిన నెల పొరపాటుకు సంపాదకుడు రాసిన క్షమాపణ చూపించింది. "తప్పు ఒప్పుకునేటోళ్లను నమ్మొచ్చు" అన్నది.

పొద్దున నాన్నకు ముందుగాల ఆ క్షమాపణే చదివిన. సగంల ఆపి పత్రిక మూసిన.

నాన్న నా చెయ్యి పట్టుకుని, "నీ తప్పు లేదు బిడ్డా" అన్నడు. ఏడాదిల ఆ మాట అనుడు ఇదే మొదలు.