మగ్గం గుంట ఉన్న ఇల్లు

3 జూన్ 1941, మంగళవారం

క్యాలెండర్ తీసేసిన చోట గోడ తెల్లగా ఉంది. మిగతా గోడ ఇంత మాసిందని ఈ పొద్దుటిదాకా నాకు తెలియదు.

తీయమన్నది దలాల్ కనకయ్య. నిన్న ఇల్లంతా తిరిగి చాలా చెప్పిపోయాడు. సున్నం వెయ్యుర్రి, దండెం మీది బట్టలు తియ్యుర్రి, కొనెటోళ్లు వస్తే మీరు జర పక్కకు జరుగుర్రి, ఏమడిగినా నేను చెప్త అన్నాడు. నాకు మాత్రం ఏమీ చెప్పలేదు. ఈ పిల్ల ఎట్లాగూ మాట్లాడదు, మంచిదే అన్నాడు.

నాయినకు సోలాపూర్ మిల్లులో పని దొరికింది. ఆషాఢం వస్తే ఇల్లు ఎవరూ కొనరు. ఈలోపు అమ్ముడుపోతే ముగ్గురం వెళ్తాం. లేకపోతే నాయిన ఒక్కడే వెళ్తాడు.

6 జూన్, శుక్రవారం, సాయంత్రం

మొదటి బేరం పోయింది.

ఎవరో ఆఫీసు గుమాస్తా, ఆయన భార్య వచ్చారు. ముందు గదిలో మగ్గం గుంట చూసి ఆమె గడపలోనే ఆగింది. మగ్గం విప్పేశాం కదా, ఇప్పుడది నేలలో ఒక గొయ్యి, అంతే. ఇది ఎవరి కబర్, అంటే ఎవరి సమాధి, అని ఉర్దూలో అడిగింది. కనకయ్య నోరు తెరిచేలోగా నాయిన తనకొచ్చిన ఉర్దూలో జవాబిచ్చాడు, మా నాయిన నలభై ఏళ్లు ఇందులోనే ఉన్నాడమ్మా అని. తాత అందులో కూర్చుని నేసేవాడని ఆయన ఉద్దేశం. ఆమె వెనక్కి తిరిగి వెళ్లి టాంగా ఎక్కింది.

కనకయ్య వాకిట్లో కూలబడ్డాడు. నాయినను చూసి, మార్కండేయన్నా, నిన్నొక్కన్ని ఆపుడే కష్టమనుకున్న, ఇగ మీ నాయిన సుత బేరం చెడగొడుతుండు అన్నాడు. నాకు నవ్వొచ్చింది. అమ్మ నవ్వలేదు.

గుంట పూడ్చాలట.

8 జూన్

గుంట పూడ్చడానికి బండెడు మొరం మట్టి వాకిట్లో దింపారు. అమ్మ దాన్ని చుట్టి నడుస్తోంది. ముట్టడం లేదు, ముట్టనివ్వడం లేదు.

14 జూన్, శనివారం

చెప్పకుండా వచ్చారు. నాయిన ఇంట్లో లేడు. కనకయ్య లేడు. వచ్చినావిడ రుద్రమ్మ, వెంట కొడుకు. ఈ గుంట ఎందుకని నన్నే అడిగింది.

  గుంట అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వేసి చూపించాను. రుద్రమ్మ వచ్చి పక్కన కూర్చుంది. మస్తు సల్లగున్నది బిడ్డా అంది. తర్వాత అమ్మ వైపు తిరిగి, ఇందుల ఎన్నేండ్లు కూసున్నవక్కా అని అడిగింది. ఇరవై రెండు అంది అమ్మ. 

ఇల్లు నచ్చిందట. కానీ మనవలు చిన్నవాళ్లు, పడతారు. పూడిస్తేనే మాట ఖాయమని కొడుకు చెప్పాడు.

వాళ్లు వెళ్లాక అమ్మ కొంగు బిగించి గంపెడు మొరం తెచ్చి పోసింది. తర్వాత ఇంకోటి. కనకయ్య ఎంత చెప్పినా వారం రోజులు కదలని మనిషి. నేనూ గంప అందుకున్నాను. 

21 జూన్

ఇల్లు అమ్ముడుపోయింది. ముగ్గురికీ టికెట్లు తీశారు.

ఇంతకు ముందు ఒకసారి నాయిన ఒక్కడే సోలాపూర్ వెళ్లాడు. నేను ఆయన్ను మొదటిసారి చూసింది నాకు ఐదేళ్లు నిండాక.