మరగబెట్టిన నీళ్లు

అమ్మకు,

నీ చిన్నకూతురు నమస్కరించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. ఈసారి ఆ మాట మనస్ఫూర్తిగా రాస్తున్నాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మీ అల్లుడిగారి నడుంనొప్పి తగ్గింది. ఆయన నడిపే బస్సులో డ్రైవరు సీటు మార్చారట, కనిపించినవాళ్లందరికీ ఆ సీటు గొప్పలే చెబుతున్నారు. నీ మనవడు బోర్లాపడుతున్నాడు. పడ్డాక వెనక్కి తిరగడం రాక ఇల్లు పీకి పందిరేస్తున్నాడు.

పాలడబ్బా సంగతీ, నీళ్ల సంగతీ అడిగావు. కంగారుపడకుండా చివరిదాకా చదువు. పోయిన ఉత్తరంలో పిల్లాడికి కాస్త జలుబని రాశాను కదా, అది జలుబు కాదమ్మా. ఆ ఉత్తరం ఆసుపత్రి వరండాలో కూర్చుని రాశాను.

ఆ రోజు స్నానం చేయించి తుడుస్తుంటే వాడి పెదాలు, గోళ్లు నేరేడుపండు రంగులో కనిపించాయి. చలేమోనని దుప్పటి చుట్టాను. రంగు మారలేదు, ఏడుపులో బలం లేదు. "గుడ్లప్పగించి చూస్తావేంటే, పద!" అంటూ మా అత్తగారు వాణ్ణి లాక్కుని చెప్పులైనా లేకుండా వీధిలోకి పరుగెత్తారు. మోకాళ్లనొప్పులని మెట్లే ఎక్కని మనిషి!

నర్సు తీసిన రక్తం కాఫీరంగులో ఉంది. అది చూడగానే డాక్టరమ్మ అడిగింది.

"పాలు ఏ నీళ్లతో కలుపుతున్నారు?"

"పెరటి బావి నీళ్లండి. బాగా మరగబెట్టే కలుపుతాను."

"గోడ అవతల ఏముంది?"

"పూలతోట. ఎరువు తెగ వేస్తారు."

ఆ ఎరువులోని నైట్రేటు నేలలోకి దిగి బావిలో చేరిందట. రంగు లేదు, వాసన లేదు. పెద్దవాళ్లం తట్టుకుంటాం గాని, చంటిపిల్లల ఒంట్లో అది నైట్రైటుగా మారి రక్తానికి ప్రాణవాయువు మోసే శక్తి లేకుండా చేస్తుంది. మరగబెడితే పోదు సరికదా, నీళ్లు ఆవిరయ్యేకొద్దీ ఉప్పులా చిక్కబడుతుంది.

నీ దగ్గర దాచింది ఇందుకే. "ఇంకాసేపు మరగనియ్యి" అని ప్రతి ఉత్తరంలోనూ రాసేదానివి. తెలిస్తే నిన్ను నువ్వే తిట్టుకుంటావని భయపడ్డాను. "మా అమ్మ చెప్పింది తప్పా?" అని డాక్టరమ్మనే అడిగాను. "క్రిములకు మీ అమ్మ చెప్పిందే మందు. ఇది క్రిమి కాదుగా" అంది.

మందు ఎక్కించారు. చిత్రం, ఆ మందే సిరానీలం! కాసేపటికి పెదాలకు ఎరుపు తిరిగింది. తర్వాత దొరగారు సరిగ్గా నాయనమ్మ ఒళ్లో ఆకుపచ్చగా పాసు పోశారు. ఆవిడ గగ్గోలు పెడితే, "మందు రంగేనమ్మా!" అని నర్సు నవ్వింది. అందరం నవ్వాం. నవ్వుతూనే నేను భోరున ఏడ్చాను.

ఇప్పుడు పాలకు పరీక్ష చేయించిన నీళ్లే వాడుతున్నాం. ఆ బావి నీళ్లే తోడుకునే పక్కింటి నిండుచూలాలికి అత్తగారే వెళ్లి చెప్పొచ్చారు. నిన్న ఆవిడకు ఆడపిల్ల పుట్టింది. చూసొచ్చాను, పెదాలు గులాబీరంగు.

నువ్వు త్వరగా రా అమ్మా. వచ్చి, నీ చేత్తోనే వాడికి పాలు కలిపి పట్టు.

ఇట్లు,
నీ చిన్నకూతురు