టెకీలాకు పెద్దమ్మ మోతాదు

పూజ్యురాలైన పెద్దమ్మకు,

నమస్కరించి రాయునది. నేను క్షేమం. ఐదేళ్లలో నీకు రాస్తున్న మొదటి ఉత్తరం ఇది, అదీ పనిపడి రాస్తున్నాను. సిగ్గుగానే ఉంది.

మా డిస్పెన్సరీలో ఒక కొత్త మిక్చరు కలిపే పని నాకు అప్పగించారు. ముళ్ల మొక్క నుంచి బట్టీపెట్టి తీసిన తెల్లటి ద్రవం రెండు పాళ్లు, బోలెడు మూలికలు ఊరబెట్టిన ఆకుపచ్చ కషాయం ఒక పాలు, తేనె రంగు మూలికల కషాయం అర పాలు. చెంచాతో నెమ్మదిగా తిప్పి ఇస్తున్నాను. ఆకుపచ్చది మిగతా రెండింటినీ నోరెత్తనివ్వడం లేదు. తాగినవాళ్లు మొహం చిట్లించి గ్లాసు పక్కన పెట్టేస్తున్నారు.

నెలాఖరు శనివారం పరీక్షించేవాళ్లు వస్తారు. వాళ్లకు నచ్చకపోతే నన్ను మళ్లీ గ్లాసులు కడగడానికి పంపేస్తారు. ముప్పై ఏళ్లు ఆసుపత్రి కాంపౌండరుగా ఎన్ని చేదు మిక్చర్లు జనం గొంతు దింపావో! ఏదైనా ఉపాయం చెప్పు.

ఇట్లు,
నీ చిన్నోడు

తా.క.: అమ్మకు చెప్పకు. తయారీ రహస్యం బయటికి పొక్కకూడదట.

---

చిరంజీవి చిన్నోడికి,

పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది. నిన్ను ఫార్మసీ చదువులో చేర్పించినందుకు ఇన్నాళ్లకు నా కడుపు నిండింది.

కానీ మిక్చరు గురించి ఇంత రాసి, జబ్బు పేరు రాయలేదేం? రోగుల వయసెంత? తిండికి ముందా, తరవాతా? రోజుకు ఎన్నిసార్లు? చీటీ మీద డాక్టరు సంతకం ఉంటోందా?

నా పద్ధతి నీకు తెలుసు. నా నాలుక మీద పడనిదే ఏ మిక్చరూ రోగికి ఇవ్వలేదు. ఒక సీసా పంపు.

ఇట్లు,
మీ పెద్దమ్మ

తా.క.: కింది వాటా హెడ్మాస్టరుగారికి మూడు నెలలుగా ఆకలి లేదు. నీ మిక్చరు సంగతి చెప్పాను. ఆశగా ఉన్నారు.

---

పూజ్యురాలైన పెద్దమ్మకు,

నమస్కారాలు. నువ్వు అడిగినవాటికి జవాబులు. జబ్బు ఫలానా అని లేదు, ఎవరి బాధ వాళ్లది. అందరూ పెద్దవాళ్లే, పిల్లలకు ఇవ్వం. కొందరు తిండికి ముందు పుచ్చుకుంటారు, కొందరు తిండి బదులు. వచ్చేటప్పుడు అందరూ తమ కాళ్ల మీదే వస్తారు. డాక్టరు సంతకం లేదు గానీ డాక్టర్లు కూడా వస్తుంటారు.

దగ్గుమందు సీసా కడిగి, అందులో పోసి పంపుతున్నాను. ఒక్క చెంచా చాలు, నీ పుణ్యం ఉంటుంది.

ఇట్లు,
నీ చిన్నోడు

తా.క.: హెడ్మాస్టరుగారికి వద్దు. ఆయన ఆకలికి ఇంకేదైనా చూద్దాం.

---

చిరంజీవి చిన్నోడికి,

ఆశీస్సులు. మొదటి చెంచాకు నాలుక ఏమీ తేల్చలేదు. రెండో చెంచాకు సగం తేల్చింది. మిగతా సగం కోసం సీసాకేసి చూశాను, అదీ నాకేసి చూసింది.

తీర్పు రాసుకో. ఆకుపచ్చ కషాయం అర పాలుకు తగ్గించు. తేనె రంగుది అలాగే ఉంచు. ముప్పాతిక పాలు తాజా నిమ్మరసం, చిటికెడు ఉప్పు వెయ్యి. అన్నిటికంటే ముఖ్యం, ఆ చెంచా అవతల పారెయ్యి! చిన్నప్పుడు నా సీసాలన్నిటికీ ‘బాగా కుదిపి ఇవ్వవలెను’ అని చీటీలు అంటించింది నువ్వేగా? ఐసు వేసి కుదుపు.

నువ్వు వద్దన్నా హెడ్మాస్టరుగారికి ఇచ్చాను. పాపం పెద్దమనిషి, మెట్ల మీద కూర్చుని నాలుగు పాటలు పాడారు. నీళ్ల ట్యాంకు దగ్గర ఆరేళ్ల కిందట తగువుపడ్డ పైవాటావిడను పిలిచి, క్షమించమని ఏడ్చారు. అది చూసి మా మేడలో ఏడుగురు పేర్లు ఇచ్చారు. నీ పరీక్ష అయ్యాక వచ్చే బుధవారం వాళ్లను మీ డిస్పెన్సరీకి తీసుకొస్తున్నాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ

తా.క.: అక్షరాలు వంకరగా ఉంటే కలం తప్పు.

---

పెద్దమ్మా,

రావద్దు. డిస్పెన్సరీ లేదు. రోగులు లేరు. ఫార్మసీ చదువు రెండో ఏడే వదిలేశాను. నేను ఒక హోటల్లో బారు కౌంటరు వెనక నిలబడతాను. ఆ తెల్లటి ద్రవం టెకీలా. కషాయాలన్నవి మూలికల లిక్కర్లు. నీకు మొహం చూపించలేకే ఐదేళ్లూ ఉత్తరం రాయలేదు. రాసిన మొదటి ఉత్తరంలోనూ అబద్ధమే రాశాను.

నువ్వు చెప్పిన పాళ్లతోనే కలిపాను, కుదిపాను. వచ్చినవాళ్లు గ్లాసులు ఖాళీ చేసి ఇంకోటి అడిగారు. నా ఉద్యోగం నిలబడింది. అందరూ చప్పట్లు కొడుతుంటే తల దించుకున్నాను. పనితనం నీది, మోసం నాది.

ఇట్లు,
నీ చిన్నోడు

తా.క.: అంత మర్యాదస్తుణ్ణి మెట్ల మీద పాడించాను. హెడ్మాస్టరుగారికి విడిగా క్షమాపణ రాసి ఇందులో పెట్టాను. ఆయన కాళ్లకు నా తరఫున దణ్ణం పెట్టు.

---

చిరంజీవి చిన్నోడికి,

ఒరేయ్, ముప్పై ఏళ్లు ఆసుపత్రి స్పిరిట్ బీరువా తాళంచెవి నా నడుముకే వేలాడింది. నీ మొదటి ఉత్తరంలోనే సంగతి పసిగట్టాను. నువ్వు చదువు మానేసినప్పుడే మీ కాలేజీవాళ్లు నాకు రాశారు. నువ్వే చెబుతావని చూస్తూ కూర్చున్నాను.

తెలుసని రాస్తే నువ్వు సిగ్గుపడి మళ్లీ మాయమవుతావని భయపడ్డాను. ఐదేళ్లకు ఒక్క ఉత్తరం లేదు, ఈ నెలలో మూడు. అందుకని జబ్బు పేరు అడిగాను, వయసు అడిగాను. ఇంకా అడిగేదాన్ని.

ఏడుగురూ లేరు, ఎవరూ లేరు. నేనొక్కదాన్నే వస్తాను. నాకేమీ పొయ్యొద్దు. కౌంటరు చివర కూర్చుంటాను, నా ముందు ఒకటి కలిపి ఎవరికైనా ఇయ్యి. నీ చేతులు పనిచేస్తుంటే చూడాలని ఉంది.

ఇట్లు,
మీ పెద్దమ్మ

తా.క.: నీ క్షమాపణ హెడ్మాస్టరుగారికి ఇవ్వలేదు. ఆయన ఆ వారమంతా కూతురింట్లో ఉన్నారు. ఆ సీసాలో చుక్క కూడా ఆయనకు దక్కలేదు. పాటలు నాలుగు కాదు, ఆరట. పైవాటావిడ లెక్కపెట్టింది. రోజూ పలకరిస్తోంది, నేనే మొహం దాచుకుంటున్నాను.