ఎండాకాలంలో హీటర్

ఏప్రిల్ 5, ఆదివారం

ఇవాళ కూడా హీటర్ వేసుకునే తిరిగాం. బయట ఎండ మాడ్చేస్తోంది. ఇంజిన్ వేడిని హీటర్ ద్వారా కారు లోపలికి లాగేస్తే ఇంజిన్ బతుకుతుందని తమ్ముడి సిద్ధాంతం. మనం బతుకుతామా అన్నది వేరే విషయం. ఊళ్ళో ఉన్నంతసేపూ టెంపరేచర్ సూది మర్యాదగానే ఉంది. హైవే ఎక్కి స్పీడ్ పెంచగానే లేచింది. గాలి బాగా తగిలేచోట ఇంకా చల్లబడాలి కదరా అంటే, అదేనక్కా నా బుర్రకీ ఎక్కనిది అన్నాడు.

పాత కారులో వేరే ఇంజిన్ పెట్టాడు. ఇంజిన్ బంగారం. చల్లబడటమే చేతకాదు దానికి.

నాన్న వరండాలోంచే అడిగారు, ఏరా, స్నానానికి నీళ్ళు కాగాయా అని.

ఏప్రిల్ 8

రేడియేటర్ మూత మార్చాడు. ఈసారి సెట్ అయిపోయిందక్కా అన్నాడు. అవలేదు.

ఏప్రిల్ 11, సాయంత్రం 6

కొండమీద పాత కార్లు బాగుచేసే గ్యారేజీ ఒకటుంది. ఇరవై ఏడో తేదీ సోమవారం తమ్ముడి కారు హీటర్ లేకుండా, మధ్యలో ఆగకుండా కొండెక్కితే పనిలో పెట్టుకుంటానన్నాడట యజమాని. ఒక షరతు. తప్పు ఎక్కడుందో, ఎలా పట్టుకున్నావో నిలబెట్టి అడుగుతాడట. అదృష్టం కొద్దీ బాగుపడ్డ బండ్లు నాకొద్దు అన్నాడట.

ఆఫీసు మానేసినప్పటినుంచీ వాడి కాపురం షెడ్‌లోనే. ఇదీ కుదరకపోతే వచ్చే నెల మామగారి పైపుల కొట్లో కూర్చోవాలి. మాటైపోయింది. మరదలు కూరగాయలు తరుగుతూ, వదినా, బండికి వేడి చేస్తే ఈయన నిద్రలోంచి లేచి పరిగెడతారు, పిల్లకి జ్వరమొస్తే నన్ను లేపుతారు అంది. నవ్వుతూనే అంది. కత్తి మాత్రం ఆపలేదు.

నేనెవరి పక్షమో నాకే తెలియదు. కాలేజీలో ఇన్నేళ్ళుగా చరిత్ర చెబుతున్నాను, ఏ ప్రశ్నకైనా రెండు వైపులా వాదించగలను. మేడమీది నా గదిలోంచి కిందికి దిగి వీళ్ళ వంటింట్లో కూర్చుంటే ఆ విద్య ఎందుకూ కొరగాదు.

ఏప్రిల్ 13

అలసిపోయాను. కారు కూడా.

ఏప్రిల్ 16

ఇప్పుడు థర్మోస్టాట్ వంతు. ఇంజిన్ నీళ్ళు ఎప్పుడు రేడియేటర్‌కి పోవాలో తేల్చే చిన్న వాల్వ్. కొత్తది బిగించాడు.

పరీక్ష పేపర్లు దిద్దుతూ మధ్యలో లేచి, వాణ్ణి కాఫీకి పిలుద్దామని షెడ్‌లోకి వెళ్ళాను. బానెట్ ఎత్తి ఉంది. వాడు సీట్లో కూర్చుని ఆక్సిలరేటర్ తొక్కుతున్నాడు. బానెట్ అడ్డం, నేను వాడికి కనపడను. నేను కారు ముందువైపుకి రాగానే చేతిలో పేపరు ఎగిరొచ్చి నా మొహానికి అతుక్కుంది. వేడి గాలి.

రేడియేటర్ వెనకున్న ఫ్యాన్ గాలిని లోపలికి లాక్కోవాలి కదా, బయటికి ఊదుతోందేమిటి? ఊళ్ళో ఎదురుగాలి ఉండదు కాబట్టి ఎటు ఊదినా సరిపోయింది, హైవే మీద ఎదురొచ్చే గాలిని మాత్రం ఇదే బయటికి నెడుతోందన్నమాట. వాడే బిగించిన ఫ్యాన్. తిరగాల్సిన వైపు తిరగడం లేదు.

చెప్పలేదు. చిన్నప్పటినుంచీ వాడి లెక్కల్లో తప్పులు చూపించింది నేనే. మళ్ళీ నేనేనా? అయినా నాకేం తెలుసని? కాఫీ చల్లారిపోతోందిరా అని మాత్రం అరిచాను.

ఏప్రిల్ 18, మధ్యాహ్నం 3

తమ్ముడు నాన్నని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. బస్సులో. కారెక్కితే ఉడికిపోతానన్నారు నాన్న.

ఫోన్‌లో వీడియోలు చూశాను. కరెంటు ఫ్యాన్‌కి తీగలు తారుమారైతే వెనక్కి తిరుగుతుందట. బ్యాటరీ వైరు ఊడదీసి, ఫ్యాన్ తీగలు రెండూ అటుదిటూ ఇటుదటూ మార్చి టేపు చుట్టాను. బ్యాటరీ వైరు మళ్ళీ పెట్టేశాను. కాఫీ కాచినంతసేపు కూడా పట్టలేదు. తర్వాత దొంగతనం చేసినదానిలా చేతులు కడుక్కుంటూ ఉండిపోయాను.

ఏప్రిల్ 19

హైవే మీద గంటసేపు. హీటర్ లేదు. సూది మధ్యలో నిలబడి మళ్ళీ కదిలితే ఒట్టు. తమ్ముడు స్టీరింగ్ మీద చరిచి, చెప్పానా అక్కా, థర్మోస్టాటే అన్నాడు. వాడి మొహం అలా వెలిగి ఎన్నాళ్ళయిందో. అవునురా అన్నాను.

ఏప్రిల్ 22

ఊరంతా చెబుతున్నాడు. నాన్నకి, పాలాయనకి, చివరికి పిల్ల టీచరుకి. థర్మోస్టాట్.

సోమవారం అక్కడా ఇదే చెబుతాడు. అది పాడైతే ఊళ్ళో కూడా వేడెక్కాలి కదా అని యజమాని ఒక్క ప్రశ్న వేస్తే చాలు. నేను వాణ్ణి గట్టెక్కించానా, గోతిలోకి తోశానా?

ఏప్రిల్ 24

చెప్పేశాను. బాగుపడింది థర్మోస్టాట్ వల్ల కాదురా, నీ కారులో నేనొకటి మార్చాను అన్నాను.

చాలాసేపు గుడ్డతో వేళ్ళు తుడుచుకున్నాడు. ఏమిటది అని అడుగుతాడనుకున్నాను. చెప్పకు అన్నాడు. పైపుల కొట్లో కూర్చున్నా సరే, చెప్పకక్కా, ఎలా ఉండేదో అలా పెట్టేసి నీ గదికి పో అన్నాడు. వీధిలోకెళ్ళి వీపు తిప్పి నిలబడ్డాడు.

తెలిసి తెలిసి, నా చేతులతోనే తప్పుని మళ్ళీ బిగించాను. కొత్త టేపు చూస్తే దొరికిపోతుందని కనపడిన తీగలన్నిటికీ అదే టేపు చుట్టాను. ఇంత బుద్ధిగా నేను ఏ మంచిపనీ చేసి ఎరగను.

ఏప్రిల్ 25

హైవే నుంచి హీటర్ వేసుకుని తిరిగొచ్చాడు. చొక్కా పిండితే బకెట్ నిండుతుంది. నా వైపు చూడలేదు.

మరదలు మేడమీదికొచ్చి, మీకు తెలుసట కదా వదినా, నా చెవిలో వెయ్యండి, కల్లో కనపడిందని చెప్పేస్తాను అంది. చెప్పలేదు. ఇప్పుడు ఆమె కూడా మాట్లాడటం లేదు.

ఏప్రిల్ 26, ఆదివారం

ఫ్యాన్ చప్పుడు. ఆగింది. చాలాసేపటికి మళ్ళీ మొదలైంది, ఈసారి శ్రుతి మారి.

షెడ్‌లోంచి నవ్వు. ఒక్కడే, పడీ పడీ నవ్వుతున్నాడు.

నేను వెళ్ళలేదు.