మూత పెట్టిన పేజీ

అక్కా,

రోజంతా టైపు కొట్టేదాన్ని, నీకు చేత్తో రాస్తున్నానేమిటని ఆశ్చర్యపోకు. మా ఇంట్లో కంప్యూటర్లో పెట్టింది పెట్టినట్టు ఉండటం లేదు. అందుకే ఈ కాగితమూ కలమూ. చిన్నప్పటి నుంచీ నన్ను అనుమానాల పుట్ట అంటావు. అను, కానీ ముందు ఇది చదివి ఆ తర్వాత అను.

మామగారి పుస్తకం సంగతి చెప్పాను కదా. జీవితమంతా తాళాల దుకాణం నడిపిన మనిషి. ఆ అనుభవాలన్నీ అచ్చు వేయించాలని పట్టు పట్టారు. ఆయన కాగితాల మీద గిలికి ఇస్తారు. నేను బడి ఆఫీసు నుంచి వచ్చాక టైపు చేస్తాను. ఉత్త టైపే అయితే ఎంతసేపు! మధ్యమధ్య ఫోటోలు చేర్చాలి. తాళం లోపలి భాగాలు ఫోటోలో తెలియవు, గీసి చూపించాలంటారు. ఇన్సర్ట్‌లోకి వెళ్ళి ఒక పెట్టె తెచ్చి, దానిలో గుండ్రాలు పేర్చి, పక్కన బాణాలు పెట్టేసరికి మెడలు లాగేస్తాయి. అయినా ఇష్టంగానే చేస్తున్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఈ ఇంట్లో ఒక పని నన్ను నమ్మి అప్పగించారు. నిజానికి నా తోడికోడలికి కంప్యూటర్ నాకంటే బాగా వచ్చు, ఆమె ఉద్యోగమే అది. మామగారు మాత్రం నన్నే అడిగారు. గొడవంతా అక్కడే మొదలైందని నా నమ్మకం.

ఏడో అధ్యాయం మామగారి కుడిచెయ్యి యంత్రంలో పడి నలిగిన ఏడాది గురించి. "ఆ ఏడాది ఎలాగో గడిచిపోయింది" అన్న వాక్యంతో అది అయిపోతుంది, వెంటనే ఎనిమిదోది మొదలు. పోయిన వారం ఫైలు తెరిచి చూద్దును కదా, ఆ వాక్యానికీ ఎనిమిదో అధ్యాయానికీ నడుమ ఒక తెల్ల పేజీ! నేను పెట్టలేదు. ఏదో మీట తగిలిందేమో అనుకుని, ఏడో అధ్యాయం చివర్నుంచి ఎనిమిదోదాని మొదలు దాకా సెలెక్ట్ చేసి తీసిపారేశాను. రెండు రోజులకి అదే చోట అదే పేజీ. మళ్ళీ తీశాను. అచ్చువేసే ఆయన ముందే చెప్పాడు, పదహారు పేజీలకి ఒక ఫారం, మనది సరిగ్గా ఆరు ఫారాలకి సరిపోయింది, ఒక్క పేజీ పెరిగినా ఏడో ఫారం వెయ్యాల్సిందేనని. ఆ మాట అన్నప్పుడు తోడికోడలు అక్కడే ఉంది.

అంతటితో ఆగలేదు. దుకాణం తెరిచిన రోజు ఫోటో ఒకటుంది. మామగారు బల్ల వెనక, అత్తగారు పక్కన. బల్ల మీద తాళాలు పెద్దగా కనబడాలని మామగారు అంటే రెండు వైపులా క్రాప్ చేశాను. అత్తగారు పోయి, ఆవిడ మోచెయ్యి మాత్రం మిగిలింది. మొన్న చూస్తే ఫోటో మళ్ళీ వెడల్పయి కూర్చుంది. క్రాప్ అంటే కత్తిరించడం కాదక్కా, మడిచి దాచడం లాంటిది. తెలిసినవాళ్ళు అంచు పట్టి లాగితే దాచినదంతా బయటికి వస్తుంది. ఆ దెబ్బకి కింద మాటలన్నీ జారిపోయి, నా బాణాలు తాళాలను వదిలేసి మార్జిన్‌లో వేలాడుతున్నాయి. కడుపు మండిపోయింది.

తెలిసినవాళ్ళు ఇంట్లో ఎవరున్నారు? మా ఆయనా మరిదీ పొద్దున పోతే చీకటి పడ్డాకే వస్తారు. మామగారికి మౌస్ ముట్టుకోవడమే చిరాకు. అత్తగారు వంటింటి మనిషి. ఏ గిన్నెనూ మూత లేకుండా వదలరు, ఖాళీ గిన్నెక్కూడా మూత పెడతారు. ఆవిడకి కంప్యూటర్‌తో పని దానిమీద గుడ్డ కప్పడం వరకే. ఇక మిగిలింది ఎవరు? మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేది తోడికోడలు ఒక్కతే.

మీ వీధిలో రెండు గదుల వాటా ఏదైనా ఖాళీ అవుతుందేమో కనుక్కో. ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు.

నీ అనుమానాల పుట్ట


అక్కా,

వాటా సంగతి ఒక్క ముక్క రాసి, మిగతా ఉత్తరమంతా నాకు చివాట్లే పెట్టావు. తోడికోడలికి ఏం అవసరమే అన్నావు. అవసరం లేనివాళ్ళు కుర్చీ ఎందుకు మార్చి పెడతారు?

అవును, కుర్చీ. నేను ఎత్తు సరిచేసి పెట్టుకున్న కుర్చీ రోజూ కిందికి దిగి ఉంటోంది. తోడికోడలు నాకంటే జానెడు పొడుగు కదా, ఆమె కూర్చుంటే పైకి లేవాలి గానీ కిందికెందుకు దిగుతుందని నువ్వు అడుగుతావని తెలుసు. అక్కడే ఉంది ఆమె తెలివి. పొట్టివాళ్ళెవరో కూర్చున్నారని నేను అనుకోవాలి! ఈ మాట మా ఆయనతో అంటే పడీ పడీ నవ్వారు. వేరు కాపురం మాట ఎత్తితే నవ్వు ఆపి, "ఖాళీ పేజీ కోసం ఇల్లు ఖాళీ చేస్తామా?" అన్నారు. ఆయనకి అన్నీ వేళాకోళమే.

ఇంకో సంగతి. కొన్నాళ్ళుగా అత్తగారు మామగారితో మాట్లాడటం మానేశారు. టీ కూడా నా చేతికిచ్చి పంపుతున్నారు. అమ్మా, నేనేం తప్పు చేశానో కాస్త కనుక్కుని చెప్పు అని ఆయన నన్ను బతిమాలుతున్నారు. అత్తగారిని అడిగితే, ఆయనకే తెలుసు అని ముఖం తిప్పుకున్నారు. ఇన్నేళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ పొట్లాడుకోగా చూశాను గానీ, ఇలా మూగనోము పట్టడం ఎప్పుడూ చూడలేదు. మధ్యాహ్నం పూట అత్తగారూ తోడికోడలూ ఒక్కచోటే ఉంటారు. చెవిలో ఏం ఊదిందో ఎవరికి తెలుసు?

నిన్న మూడోసారి ఆ తెల్ల పేజీ కనబడింది. తీసేశాను. ఇక ఉండబట్టలేక వంటింట్లో ఆమెను నిలదీశాను. నా పుస్తకంలో వేలు పెట్టొద్దని, నీకు రాని పేరు నాకు రాకూడదనే కదా ఇదంతా అని, నోటికి వచ్చిందల్లా అన్నాను. ఆమె ఎదురు తిరుగుతుందనుకున్నాను. తిరగలేదు. ముఖం పాలిపోయింది.

"ఆ పేజీ తీసేశావా అక్కా?" అంది.

"తీశాను. నూరుసార్లు పెట్టినా తీస్తాను."

"అయ్యో. ఒక్కసారి ఆ పేజీని..." అంటుండగా అత్తగారు వచ్చారు. అంతే, నోరు కట్టేసినట్టు ఆగిపోయింది. తర్వాత ఎంత అడిగినా, నేను కాదక్కా, అంతకుమించి చెప్పలేను, మాటిచ్చాను అంటుంది. ఎవరికి ఇచ్చింది మాట? తప్పు చేయనివాళ్ళు మాటిచ్చామని తప్పించుకుంటారా?

నాకు అర్థమైపోయింది. ఈ ఇంట్లో నా చేతికి ఒక పని రావడం వీళ్ళకి ఇష్టం లేదు. అత్తగారు కూడా ఆమె వైపే. ఇది రాస్తుంటే ఏడుపొస్తోంది, దాచడం దేనికి. పుస్తకం అచ్చుకిచ్చిన మర్నాడే మేము వచ్చేస్తాం. మా ఆయన రానంటే నేనైనా వస్తాను. ఆ వాటా మాట ఖాయం చెయ్యి.

ఈలోగా ఆ పేజీ ఇంకోసారి రానీ. ఈసారి తీసెయ్యను. దాని నడిమధ్యన, ధైర్యముంటే నీ పేరు రాయి అని పెద్దక్షరాలతో కొట్టి పెడతాను. చూద్దాం ఏం చేస్తుందో.

నీ చెల్లి


అక్కా,

వాటా వద్దు. వాళ్ళకి ఏదో ఒకటి చెప్పెయ్యి. ఎందుకో అంతా రాస్తాను. నన్ను తిట్టాలనిపిస్తే ఈసారి నిజంగానే తిట్టు.

పేజీ నాలుగోసారి వచ్చింది. అనుకున్నట్టే మాటలు కొడదామని దాని మధ్యలో క్లిక్ చేశాను. కర్సర్ మెరవలేదు. దానికి బదులు పేజీ నాలుగు అంచులా చిన్న చిన్న సున్నాలు లేచాయి. ఆ సున్నాలు నాకు తెలియనివా? తాళాల బొమ్మల కోసం రోజూ గీసే పెట్టె అది. లోపల తెలుపు నింపి, చుట్టూ గీత తీసేసి, పేజీ మొత్తానికి పరిచారు. దాన్ని పట్టుకుని పక్కకి లాగాను.

కింద మాటలున్నాయి.

ఒక మాటకీ ఇంకో మాటకీ నడుమ ఖాళీ కూడా సరిగ్గా లేదు, ఒత్తులు పడాల్సిన చోట పడలేదు. విడదీసి చదువుకున్నాను. నీ కోసం సరిచేసి రాస్తున్నాను.

"ఆ ఏడాది ఎలాగో గడవలేదు. నేను గడిపాను. ఆయన చెయ్యి కట్టులో ఉంటే దుకాణం నేను తీశాను. ఆకురాయి పట్టి తాళంచెవులు అరగదీశాను. మొదట్లో ఎన్నో పాడుచేశాను. ఒకటి తిరిగింది. ఆసుపత్రిలో మందుల గది తలుపు ఇరుక్కుంటే నేనే వెళ్ళి తెరిచాను. అందరూ దుకాణదారు ఏడీ అని నా వెనక చూశారు. ఇంటికొచ్చి చెబితే ఆయన మంచం మీద లేచి కూర్చుని, అయితే తాళం నీ మాట విందన్నమాట అన్నారు. ఆ మాట ఆయన మర్చిపోయి ఉండరు. ముందు ఇంతకంటే ఎక్కువ రాశాను. మళ్ళీ మళ్ళీ రాస్తుంటే తగ్గిపోతోంది. ఎవరు తీసేస్తున్నారో నాకు తెలుసు. తియ్యనీ."

అక్కా, మూడుసార్లు నేను తీసిపారేసింది ఇది. సెలెక్ట్ చేసి, ఒక్క మీట నొక్కి, చేతులు దులుపుకుని లేచాను. ముందు రాసిన ఆ ఎక్కువ ఏమిటో ఇక ఎవరికీ తెలియదు.

వంటింట్లోకి వెళ్ళాను. అత్తగారు గిన్నె మీద మూత సర్దుతున్నారు. ఆ మూత ఆవిడ చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టాను.

"అత్తయ్యా, ఆ పేజీలు తీసింది నేను."

"నువ్వా? ఆయన కాదా?"

"ఖాళీ పేజీ అనుకున్నాను."

"ఖాళీ ఎందుకవుతుందే? మూత పెట్టాను కదా."

అయ్యేదాకా మామగారి కంట పడకూడదని కప్పారట. మరి అచ్చులో ఎలా వస్తుందత్తయ్యా అంటే, నాకేమీ తెలియనట్టు చూశారు. వడ్డించేటప్పుడు మూత తియ్యరా, అచ్చువేసే అతనూ అలాగే తీస్తాడనుకున్నారట. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆవిడ నవ్వలేదు. మెల్లగా, "అయితే ఇన్నాళ్ళూ ఆయనతో ఊరికే మాట్లాడటం మానేశానన్నమాట" అన్నారు. నా చేత పంపిన టీలన్నీ గుర్తొచ్చాయి కాబోలు, స్టవ్ ఆపి అలాగే నిలబడిపోయారు.

మధ్యాహ్నాలు పాఠం చెప్పింది తోడికోడలే. పేజీ ఎలా చేర్చాలి, ఫోటో అంచు ఎలా లాగాలి, కప్పడానికి పెట్టె ఎలా గీయాలి, అన్నీ అత్తగారు అడిగి నేర్చుకున్నారు. ఎవరికీ చెప్పకూడదని ఒట్టు. అచ్చుకి వెళ్ళే ముందు ఆ పెట్టె తానే తీసేద్దామనుకుందట. పేజీ మాయమవుతోందని నా నోటితో వినేదాకా ఆమెకూ తెలియదు. అన్ని మాటలు పడి కూడా ఒట్టు తప్పలేదు, తీస్తున్నది నేనని అత్తగారికి చెబితే మా ఇద్దరికీ చెడుతుందని అక్కడా నోరు విప్పలేదు. సాయంత్రం ఆమె చెయ్యి పట్టుకుని క్షమించమన్నాను. "పోనీలే అక్కా, ఆ కుర్చీ ఉపాయం నాకు తట్టనందుకు సిగ్గుగా ఉంది" అంది. మా ఆయన చెప్పేశారన్నమాట. ఇక జన్మంతా వీళ్ళకి నేను లోకువే.

ఆ పేజీ తప్పులు దిద్ది, మూత తీసేసి, ప్రింటు తీసి మామగారికి ఇచ్చాను. ఇచ్చేముందు అత్తగారిని అడిగాను, ఊ అన్నారు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని చదివారు, తుడుచుకుని మళ్ళీ చదివారు. తర్వాత తన చివరి వాక్యం మీద వేలు పెట్టి, ఈ ఎలాగో అన్నది తీసెయ్యమ్మా, అది అబద్ధం అన్నారు. ఫోటో కూడా మొదట ఉన్నంత వెడల్పుతోనే ఉంచమన్నారు. టీ మాత్రం ఆరోజు నేను తీసుకెళ్ళలేదు. గదిలో ఇద్దరి గొంతులూ వినబడ్డాయి, ఏం మాట్లాడుకున్నారో తెలియదు. నేను కూడా తలుపు దగ్గర నిలబడి వినలేదు, నమ్ము.

పేజీ పెరిగింది కనుక ఏడో ఫారం తప్పలేదు. ఈ ఉదయం అచ్చువేసే ఆయన ఫోన్ చేసి, ఒక్క పేజీ కోసం పదిహేను పేజీలు ఖాళీగా మిగులుతున్నాయి, బొమ్మలేమైనా వేద్దామా అని అడిగాడు. మామగారు నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు.

"వద్దు, అవి అట్టే పెట్టండి. మా ఆవిడ ఇంకా రాస్తోంది."

ఇప్పుడు కంప్యూటర్ దగ్గర ఆవిడే ఉన్నారు. మధ్యలో పేజీ ఎలా చేర్చాలో మర్చిపోయానే అని నన్ను పిలుస్తున్నారు. వెళ్ళాలి. కుర్చీని ఇక నేను పైకి లేపడం లేదు.

నీ చెల్లి