నాగయ్య ఆట

ప్రొద్దుటూరు, ఆదివారం రాత్రి

కంప్యూటరుతో నా పోటీ సమంగా ఉండాలని, చెస్ క్లబ్బు నడిపే ఓబుల్‌రెడ్డి దానికి చనిపోయిన నాగయ్య ఆటలన్నీ నేర్పించాడు. నాగయ్య బతికినన్నాళ్ళూ నా చేతిలో ఓడినవాడు. చచ్చినా వాడికి ఓటమి తప్పదని నవ్వుకుంటూ కూర్చున్నాను.

మధ్యలో పొరపాటున నా ఏనుగును దానికి అందేచోట పెట్టాను. కంప్యూటరు చాలాసేపు ఆగి, ఏనుగును వదిలేసి బంటును జరిపింది. చివరికి నేనే గెలిచాను.

"ఏందప్పా, దీనికి కండ్లు కనపడవా?" అన్నాను.

"కనపడతాయి మామా," అన్నాడు ఓబుల్‌రెడ్డి. " నాగయ్య నీతో ఆడితే ఇట్లనే వదిలేస్తాండె. వేరేవాళ్ళకైతే ఒక్క బంటును గూడా వదల్లేదు."

నా మీద జాలిపడటానికి వాడెవడు? రేపు జమ్మలమడుగులో మళ్ళీ దానితోనే పోటీ. ఈసారి కావాలనే ఓడిపోతాను. వాడు ఓడనిస్తాడో లేదో.