పోలిక బీడు

కర్నూలు
శివలీల గారికి, నమస్కారం.
మూడేళ్ల కిందట మీ ఊరి గుట్టకింది బీడుకు కంచె వేసి గడ్డి పెంచాము, అంతరించిపోతున్న బట్టమేకపిట్ట తిరిగి రావాలని. గడ్డి పెరిగింది. అది ఫలితం. దానివల్ల చివరికి ఏం మారిందన్నది ప్రభావం. అది తేలకపోతే ఉగాది తర్వాత బీడును నాపరాళ్ల క్వారీకి ఇచ్చేస్తారు. మేము ఏమీ చేయని వాగవతలి బీడు పోలికకు ఉండనే ఉంది. రెండూ చూసి మహిళా సంఘం తరఫున రాయండి. ఫోనులో చెబితే ఫైలుకెక్కదు.
ఇట్లు,
రాజశేఖర్, మూల్యాంకన అధికారి
తా.క. దయచేసి పిట్ట గురించే రాయండి.

రాజశేఖర్ సారుకు శివలీల దీవెనలు.
నీది మా పెద్దవాడి వయసు, అందుకే దీవెనలు.
సంఘం వాళ్లం కోసుకున్న గడ్డితో మా ఎనుము పాలు చిక్కబడ్డాయి. పెరుగు గడ్డలా తోడుకుంటోంది. దానికోసం మా ఆయన మధ్యాహ్నం టీ హోటలు వదిలి ఇంటికొస్తున్నాడు. ఆయన లేక హోటలు దగ్గర రాజకీయాల కొట్లాటలు తగ్గాయి. ఊరు నెమ్మదిగా ఉంది. దూరపు ప్రభావమంటే ఇదే కదా? క్వారీ వస్తే దుమ్మంతా మా పెరుగులోనే పడుతుంది.
ఉంటాను,
శివలీల
తా.క. పిట్ట రాలేదు. మీ జీపు మాత్రం తరచుగా వస్తోంది.

శివలీలమ్మ గారికి, నమస్కారం.
పెరుగును ఒప్పుకోలేము. మీవారు ఇంటికి రావడానికి గడ్డే కారణమని ఎలా చెప్పగలరు? వేరే కారణం ఉందేమో వెతకండి.
ఇట్లు,
రాజశేఖర్
తా.క. పెరుగు బాగుందని మా డ్రైవరు దావీదురాజు చెప్పాడు. ఇది ఫైలుకెక్కదు.

రాజశేఖర్‌కు దీవెనలు.
వెతికాను. హోటలు మూసేశారట. పెరుగు నుంచి ఊరి నెమ్మది దాకా రాసిన వరుసంతా కొట్టేశాను. తెలివిగలవాడివే.
కంచె వేసిన నాడే మీవాళ్లు పోలిక సంగతి చెప్పారు. కూరలో కొత్త పొడి వేసినప్పుడు, వేయకుండా పక్కకు తీసిన గిన్నెలో ఎవరూ గరిట పెట్టకూడదు కదా. అందుకని వాగవతలి బీడుకు మా శాంతయ్య బావను కాపలా పెట్టాను. ఒక్క గొర్రెను కూడా రానివ్వలేదు. గొర్రెల ఓబన్న కొట్లాటకొచ్చాడు.
"ఏమక్కా, ఏమీ చెయ్యని బీడుకు కాపలా యాడన్నా ఉంటాదా?"
"ఎవురూ ఏమీ చెయ్యకుండా సూసేదానికేనప్పా!"
ఉంటాను,
శివలీల
తా.క. పిట్ట వచ్చింది. గుడ్డు కూడా పెట్టింది. వాగవతలి బీడులో.

అమ్మా!
కొంప మునిగింది. ఏమీ చేయని చోటికి పిట్ట వస్తే మా పనికి ప్రభావం లేనట్టే. కంచె పీకి క్వారీకి ఇచ్చేయమని పై ఆఫీసు అంటోంది. ఆ బీడును కాపాడమని మీకెవరు చెప్పారు?
రాజశేఖర్
తా.క. గుడ్డు ఎలా ఉంది?

నాయనా,
గుడ్డు బాగుంది. పొద్దున్నే పిట్ట వాగు దాటి మీ గడ్డిలో మిడతలు తిని, తిరిగి పోయి గుడ్డు మీద కూర్చుంటోంది. తిండి మీ బీడులో, పడక నా బీడులో. "ఈడికి జీపు రాదు గదా, అందుకే ఈడ పండుకుంటాండాది" అని శాంతయ్య బావ మాట. జీపును రోడ్డు మీదే వదిలి, నడిచి వచ్చి నీ కళ్లతో చూడు.
శివలీల
తా.క. పెరుగన్నం పెడతాను. ఫైలులో రాయొద్దులే.

అమ్మకు,
చూసిందంతా రాసిచ్చాను. రెండు బీళ్లూ నిలబడ్డాయి. క్వారీ రాదు. అయితే మీరు కాపలా పెట్టిన బీడు ఏమీ చేయనిది కాదని, పోలికకు ఇంకో బీడు చూపమన్నారు. గుట్టవెనక బీడు చూపించాను. చేతులెత్తి మొక్కుతున్నాను, అక్కడ ఏమీ చేయకండి. కాపలా కూడా వద్దు.
మీ రాజశేఖర్
తా.క. పెరుగు ప్రభావం ఒప్పుకుంటున్నాను.

నాయనా,
నువ్వు చెప్పినట్టే చేశాను. గుట్టవెనక బీడుకు ఎవరూ కాపలా కాయకుండా చూడమని శాంతయ్య బావను అక్కడికి పంపాను.
ఉంటాను,
శివలీల
తా.క. ఓబన్న మళ్లీ కొట్లాటకొచ్చాడు. బావకు తోడుగా అతన్నీ అక్కడే పెట్టాను.